పొట్టిగా ఉన్న ఆడపిల్లకు టానిక్కు రాసేముందు

రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల్లో పిల్లలకు వైద్యం చేసే డాక్టర్లకు, బళ్ళకూ అంగన్‌వాడీలకూ వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలవారికి, ఒడిశా ఆరోగ్య శాఖ పెద్దలకు,

నమస్కారం.

నేను రాయగడ జిల్లా గుణుపురంలో మిషన్ కుట్టుకునే మనిషిని. బడి యూనిఫారాలే నాకు ముఖ్యమైన పని. ఈ ఉత్తరం మా అమ్మాయి గురించి, పద్నాలుగేళ్ళ దాకా తనకు ఎవరూ రాయని కేరియోటైప్ అనే రక్త పరీక్ష గురించి. తనకిప్పుడు పదిహేడేళ్ళు. నీ సంగతి పదిమందికీ తెలిసేలా రాయనా అని అడిగితే, "రాయమ్మా, నా పేరు మాత్రం వద్దు" అంది. అందుకే పేరు రాయడం లేదు. మాకు తప్పు మాటలు చెప్పినవాళ్ళ పేర్లు కూడా రాయడం లేదు. వాళ్ళు తమకు తెలిసింది చెప్పారు. తెలియాల్సింది వాళ్ళదాకా రాలేదన్నదే నా బాధ.

ఎదిగే పిల్లకు స్కర్టు కుట్టేటప్పుడు కింద నాలుగు వేళ్ళ మడత వదులుతాం. ఏడాది తిరిగేసరికి ఆ తల్లి మళ్ళీ వస్తుంది, మడత విప్పి కాస్త దించుతాం. విప్పినచోట పాత మడత గీత నల్లగా ఉండిపోతుంది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. మూడేళ్ళు తొడిగిన స్కర్టు మీద రెండు మూడు గీతలుంటాయి. ఆ గీతలు చూసి పిల్ల ఎంత ఎదిగిందో చెప్పేస్తాను. మా అమ్మాయి మూడో తరగతిలో కుట్టిన స్కర్టు ఆరో తరగతి దాకా తొడిగింది. రంగు వెలిసింది, నడుం దగ్గర రెండుసార్లు వదులు చేశాను. కింద మడత మాత్రం ఒక్కసారే విప్పాను, అదీ వేలెడంత. ఊరందరి పిల్లల మడతలూ విప్పే నేను నా కూతురి స్కర్టు చూస్తూ కూడా ఏదో తేడా ఉందని గట్టిగా అనుకోలేదు. "గిడసబారింది, తిండి ఒంటపట్టడం లేదు" అని అందరూ అంటే అదే నమ్మాను.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే గుర్తులన్నీ మొదటి రోజు నుంచే ఉన్నాయి. బారసాలకు మా అమ్మ వెండి పట్టీలు తెచ్చింది. పాదాలు పూరీల్లా పొంగి ఉన్నాయి, పట్టీ మడమ దాటలేదు. "నీరు పట్టింది, తగ్గిపోద్దిలే" అంది అక్కడున్న ఆయమ్మ. కొన్నాళ్ళకు నిజంగానే తగ్గిపోయింది, మేమూ మరిచిపోయాం. రెండేళ్ళ నుంచి చెవులు కారేవి, చుక్కల మందు వేసేవాళ్ళం. జడ వేసేటప్పుడు మెడ వెనక జుట్టు కుదుళ్ళు బాగా కిందిదాకా ఉండేవి. మెడ కొలత తీస్తే వయసుకు మించిన వెడల్పు వచ్చేది. పిడికిలి మూస్తే ఉంగరం వేలి కణుపు పైకి లేవదు, అక్కడ చిన్న గుంట పడుతుంది. విడివిడిగా చూస్తే వీటిలో ఒక్కటీ జబ్బులా కనిపించదు. అన్నీ కలిపి చూసే మనిషి మాకు పద్నాలుగేళ్ళ దాకా దొరకలేదు.

మూడు చోట్ల చూపించాం. ఒకరు టానిక్కు రాశారు. ఒకరు నులిపురుగుల మాత్ర, కాల్షియం, జింకు రాశారు. ఒకరు నన్నూ మా ఆయన్నూ పైనుంచి కిందికి చూసి, "మీ వంశమే పొట్టి కదమ్మా" అన్నారు. మా ఆయన ఎత్తు 168 సెంటీమీటర్లు, నాది 152. ఆడపిల్లయితే తల్లిదండ్రుల ఎత్తులు కలిపి, 13 తీసేసి, సగం చేస్తే ఆ పిల్ల సుమారుగా ఎంత ఎదగాలో తెలుస్తుందని తర్వాత విశాఖలో డాక్టరమ్మ చెప్పింది. ఆ లెక్కన మా అమ్మాయికి 153 దాటాలి. పద్నాలుగేళ్ళకు ఉన్నది 127. లెక్క కట్టడానికి నిమిషం కూడా పట్టలేదు.

"పెద్దమనిషి అయితే ఒక్కసారిగా సాగిపోద్ది" అనేది మా అత్తగారు. సమర్త కోసమని డబ్బు కూడా దాచింది. పద్నాలుగు నిండినా పిల్ల పెద్దమనిషి కాలేదు. మేం డాక్టరు దగ్గరికి గట్టిగా పరుగెత్తింది అప్పుడే. సమర్తకు దాచిన డబ్బు పరీక్షకు పోయింది.

ఆ పరీక్ష గురించే ఈ ఉత్తరం. దాన్ని కేరియోటైప్ అంటారు, అంటే క్రోమోజోముల లెక్క. మన కణాల్లో జన్యువులుండే పోగులే క్రోమోజోములు. మనిషి కణంలో 46 క్రోమోజోములుంటాయని 1956లో తేలింది. ఆడపిల్లకు వాటిలో రెండు ఎక్స్‌లు. ఒక ఎక్స్ పూర్తిగా లేకపోయినా, సగం విరిగినా, కొన్ని కణాల్లో ఉండి కొన్నిటిలో లేకపోయినా దాన్ని టర్నర్ సిండ్రోమ్ అంటారు. 1938లో హెన్రీ టర్నర్ అనే డాక్టరు ఇలాంటి అమ్మాయిల గురించి రాశాడు. లోపం ఎక్స్‌లో ఉందని 1959లో బయటపడింది. పుట్టే ప్రతి 2,000 నుంచి 2,500 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఇది ఉంటుంది. 2011 జనగణనలో రాయగడ జిల్లా జనాభా 9 లక్షల 60 వేలు దాటింది, అందులో సగానికి పైగా ఆడవాళ్ళే. ఈ లెక్క మన జిల్లాకు వేసి చూస్తే చిన్నా పెద్దా కలిపి 200 మంది దాకా ఉండాలి. మా అమ్మాయి తప్ప ఇంకొకరు నాకు ఇప్పటిదాకా ఎదురుపడలేదు. మిగతావాళ్ళు ఎక్కడున్నారు? ఏ ఇంట్లో "పొట్టిది" అనిపించుకుంటూ, ఏ ఇంట్లో "పిల్లలు పుట్టని మనిషి" అనిపించుకుంటూ ఉన్నారో.

పరీక్షకు కావలసింది రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం. మాకది రెండుసార్లు తీయాల్సి వచ్చింది. ఎందుకో రాస్తాను, ఇంకొకరికి అలా జరగకూడదని. విశాఖ డాక్టరమ్మ చీటీ రాసిచ్చింది. అంతదూరం మళ్ళీ ఎందుకని దారిలో ఒక ఊళ్ళో రక్తం తీసే చోట ఇచ్చాం. వాళ్ళు ఊదారంగు మూత గొట్టంలో తీసి ఐసులో పెట్టి పంపారు. పన్నెండు రోజులు ఎదురుచూశాక "కణాలు పెరగలేదు, మళ్ళీ ఇవ్వండి" అని కబురొచ్చింది. ఈ పరీక్షకు రక్తంలోని తెల్లకణాలు బతికుండాలి. ఆకుపచ్చ మూత గొట్టంలో, రక్తం పేరుకోకుండా ఆపే హెపారిన్ మందు ఉన్నదానిలో తీయాలి. ఐసులో పెట్టి గడ్డకట్టించకూడదు, ఒకటి రెండు రోజుల్లో ల్యాబుకు చేరాలి. అక్కడ ఆ కణాలను సుమారు 72 గంటలు పెంచుతారు. అవి రెండుగా చీలబోయే సమయంలో మందు వేసి ఆపేస్తారు, అప్పుడే క్రోమోజోములు విడివిడిగా కనబడతాయి. తర్వాత రంగు అద్ది, కనీసం 30 కణాల్లో ఒక్కొక్కటీ లెక్కపెడతారు. రెండోసారి నేనే అమ్మాయిని తీసుకుని గుణుపురం ప్యాసింజర్ ఎక్కి, పర్లాకిమిడి మీదుగా విశాఖ వెళ్ళి రక్తం ఇప్పించాను. 3,500 రూపాయలు. ప్రయాణం, బస, నా మూడు రోజుల పని పోవడం వేరే. గొట్టం మూత రంగు ఎవరూ చూసుకోకపోవడం వల్ల మొదటిసారి కట్టిన డబ్బు, ఒక నెల పోయాయి.

రిపోర్టుతో ఒక బొమ్మ ఇచ్చారు. క్రోమోజోములు జతలు జతలుగా, పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా పేర్చి ఉన్నాయి. చివరి వరసలో ఒక్కటే ఉంది. పక్కన ఖాళీ. కింద "45, ఎక్స్" అని రాసి ఉంది. డాక్టరమ్మ పెన్సిలు మొనతో ఆ ఖాళీ చూపించి, "ఇదేనమ్మా, ఇంతే" అంది. నేను ఆ ఖాళీ వంకే చాలాసేపు చూశాను. మా అమ్మాయి మాత్రం, "అంటే నేను తిననందుకు కాదన్నమాట" అంది. పద్నాలుగేళ్ళు పళ్ళెం ముందు ఆ పిల్లను ఎన్ని మాటలన్నానో నాకు తెలుసు.

ఇంట్లో ఎవరి తప్పు అన్న మాట వెంటనే వచ్చింది. మాది మేనరికం, నేను మా మేనమామ కొడుకునే చేసుకున్నాను. అందుకే ఇలా అయిందన్నారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు నేను కూర తరిగానట, అందుకన్నారు. డాక్టరమ్మ మా ఆయన్నూ అత్తగారినీ కూచోబెట్టి చెప్పింది. దీనికి మేనరికంతో సంబంధం లేదు, తల్లి వయసుతో లేదు, గ్రహణంతో అసలే లేదు. వంశంలో వచ్చేదీ కాదు, బిడ్డ కడుపున పడే తొలి రోజుల్లో దానంతటదే జరిగిపోయే పొరపాటు. ఒక్క ఎక్స్‌తో పడే పిండాల్లో నూటికి 99 మొదటి నెలల్లోనే పోతాయని, ఈ పిల్ల నిలబడి పుట్టిందని చెప్పింది. ఆ రోజు తర్వాత మా అత్తగారు ఒక్క మాట అనలేదు. డాక్టరు నోటి నుంచి తెలుగులో పది నిమిషాల మాట మా కాపురానికి ఎంత మేలు చేసిందో మీకు చెప్పలేను. మీ దగ్గరికి వచ్చేవాళ్ళలో ఒడియా ఒక్కటే వచ్చినవాళ్ళు, తెలుగు ఒక్కటే వచ్చినవాళ్ళు, కుయి, సవర తప్ప ఏదీ రానివాళ్ళు ఉంటారు. రిపోర్టు చేతికిచ్చి పంపేయకండి. అర్థమయ్యే భాషలో చెప్పించండి.

ఎత్తు సంగతి ఒక్కటే అయితే నేను ఇంత ఉత్తరం రాసేదాన్ని కాదు. పొట్టిగా ఉండటం నేరమేమీ కాదు. ఆ కాగితం వచ్చాకే గుండెకు ఎకో తీశారు. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం దగ్గరి కవాటానికి మూడు రేకులుండాలి, మా అమ్మాయికి రెండే ఉన్నాయి. టర్నర్ ఉన్న నూరుమందిలో 15 నుంచి 30 మందికి ఇలా ఉంటుందట. కొందరికి ఆ నాళమే ఒకచోట ఇరుకై ఉంటుంది, బీపీ పెరుగుతుంది. కిడ్నీలు రెండూ కింద కలిసిపోయి లాడం ఆకారంలో ఉండవచ్చు. థైరాయిడ్ తగ్గవచ్చు, వినికిడి పోవచ్చు. కొందరి కణాల్లో మగవాళ్ళకుండే వై క్రోమోజోము ముక్క ఉంటే అండాశయాల చోట గడ్డ వచ్చే ప్రమాదం ఉంటుంది, అదీ చూసుకోవాలి. ఇవన్నీ ముందే తెలిస్తే కనిపెట్టుకుని ఉండగలిగేవి. పద్నాలుగేళ్ళు మా పిల్ల గుండె ఎలా ఉందో ఎవరికీ తెలియదు. ఆటల పోటీల్లో పరుగెత్తింది కూడా.

మందు ఆలస్యమైన సంగతీ చెబుతాను. పెరుగుదల హార్మోను ఇంజెక్షన్ నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్యనే మొదలుపెట్టవచ్చు. కొన్నేళ్ళు రోజూ ఇస్తే సగటున 5 నుంచి 8 సెంటీమీటర్లు ఎక్కువ ఎదుగుతారు. అది లేకపోతే టర్నర్ ఉన్న ఆడవాళ్ళు తమ చుట్టుపక్కల ఆడవాళ్ళకంటే సుమారు 20 సెంటీమీటర్లు తక్కువగా ఆగిపోతారు. ఆడపిల్లల హార్మోను పదకొండు పన్నెండేళ్ళకు కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి, ఎముకలకు, గర్భసంచికి, తోటిపిల్లల్లో తలెత్తుకు తిరగడానికి కూడా. మాకు రెండూ పదిహేనో ఏట మొదలయ్యాయి. ఎడమచేతి ఎక్స్‌రే తీసి, ఎముకలు ఇంకా మూసుకోలేదు, కొంత వీలుంది అన్నారు. ఇంజెక్షన్ పెన్ను ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టకూడదు. వానాకాలంలో కరెంటు పోతే తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టి రాత్రంతా చూసుకుంటూ కూచున్న రోజులున్నాయి. ఇప్పుడు 138 ఉంది. స్కర్టు వయసు దాటిపోయింది, చుడీదార్లు కుడుతున్నాను, కింద మడత వదిలే కుడుతున్నాను.

టర్నర్ సిండ్రోమ్‌కు పెరుగుదల హార్మోను 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో రెండో గుంపులో, అంటే చాలాకాలం మందు వాడాల్సిన జబ్బుల గుంపులో ఉంది. ఆ విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రాల్లో హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ, నిమ్స్ ఆస్పత్రి కలిసి నడిపేది ఒకటి. సాయం ఉందన్నమాట. కానీ అక్కడిదాకా వెళ్ళాలంటే చేతిలో కేరియోటైప్ కాగితం ఉండాలి. ఆ కాగితం రాయగడలో, గుణుపురంలో, పర్లాకిమిడిలో పుట్టిన పిల్లకు ఎలా వస్తుంది?

మీకు కష్టం ఎక్కడుందో నాకు అర్థమవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశాలో అయిదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళే. మన కొండ ఊళ్ళలో బడి వరసలో నిలబెడితే సగం మంది చిన్నగానే కనిపిస్తారు. ఆ గుంపులో తిండి చాలక పొట్టిగా ఉన్న పిల్ల ఎవరో, ఎక్స్ లేక పొట్టిగా ఉన్న పిల్ల ఎవరో చూడగానే తెలియదు. అందుకే అందరికీ ఒకే టానిక్కు. కానీ తేడా తెలిసే దారులున్నాయి. తిండి చాలని పిల్ల ముందు బరువు తగ్గుతుంది, మా అమ్మాయి బరువు ఎత్తుకు ఎప్పుడూ తగ్గలేదు. నాలుగేళ్ళు దాటిన పిల్ల ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు ఎదగాలి. మా అమ్మాయి బడి కార్డులో 109, 112, 115, 118 అని ఏటేటా రాసి ఉంది. ఎవరో ఒకరు శ్రద్ధగా కొలిచి రాశారు, వాళ్ళకు దండం పెడతాను. ఆ నాలుగు అంకెలను పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. కొలవడం జరుగుతోంది. చదవడం జరగాలి.

ఎందుకు ఎదగడం లేదో తేలని ప్రతి ఆడపిల్లకూ, మెడా చెవులూ మామూలుగా ఉన్నా సరే, కేరియోటైప్ చేయాలని పెద్ద పెద్ద డాక్టర్ల మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఎందుకంటే టర్నర్ ఉన్నవాళ్ళలో చాలామందికి పొట్టితనం తప్ప పైకి ఏ గుర్తూ ఉండదు. మగపిల్లల సంగతి వేరు, వాళ్ళకు ఇతర గుర్తులుంటేనే ఈ పరీక్ష రాస్తారు. కేరియోటైప్‌లో అన్నీ కనబడవన్నదీ నిజమే, క్రోమోజోముల్లో చిన్న చిన్న ముక్కలు పోతే మైక్రోఅరే అనే పరీక్ష కావాలి, ఒక్క జన్యువులో తేడా అయితే ఇంకో పరీక్ష. అవన్నీ ఇక్కడ పెట్టమని నేను అడగడం లేదు. ఆ మొదటి పరీక్ష ఒక్కటి అందేలా చేయండి.

ల్యాబు కట్టమని కూడా అడగడం లేదు. జిల్లా ఆస్పత్రిలో, సబ్‌డివిజన్ ఆస్పత్రిలో వారానికి ఒక రోజు పెట్టి, ఆకుపచ్చ మూత గొట్టాలు ఉంచి, తీసిన రక్తం మర్నాటికల్లా పెద్ద ల్యాబుకు చేరే ఏర్పాటు చేయండి. రక్తం ప్రయాణం చేయగలదు, తల్లీబిడ్డా చేయనక్కర్లేదు. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు కోసం 2023 జూలై 1న మొదలైన జాతీయ మిషన్ కింద నలభై ఏళ్ళలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకున్నారు. ఆ పనిమీద మన కొండ ఊళ్ళదాకా వెళ్ళి రక్తం తీసి, కార్డులిచ్చి, తల్లిదండ్రులకు విడమరచి చెప్పే పద్ధతి మీకు అలవాటే. నేనడిగే పరీక్ష అంతమందికి కాదు, ఎదుగుదల గీత కిందికి పడిపోయిన కొద్దిమందికే.

బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైనప్పుడు వెతకాల్సిన 30 లోపాల జాబితా పెట్టారు. పుట్టుకతో వచ్చేవాటిలో డౌన్ సిండ్రోమ్ ఉంది, టర్నర్ లేదు. జాబితాలో లేని పేరును బృందంలోని వాళ్ళు వెతకలేదంటే వాళ్ళను ఏమనగలం? ఆరోగ్య శాఖ పెద్దలు ఆ పేరు చేర్చితే, లేదా కనీసం "ఏడాదిలో 4 సెంటీమీటర్లు ఎదగని ఆడపిల్ల" అని ఒక గడి కార్డులో పెడితే, బడికి వచ్చిన బృందమే ఆ పిల్లను పై ఆస్పత్రికి పంపుతుంది. మా ఆరోగ్య కార్డు ఒడిశాది, మేం నమ్ముకున్న డాక్టరు ఆంధ్రలో. సరిహద్దు కుటుంబాలకు ఇది రోజూ ఉండే చిక్కు. పరీక్ష ఇక్కడే జరిగితే ఆ చిక్కులో సగం తీరుతుంది.

ఆశా దీదీలకు, అంగన్‌వాడీ దీదీలకు ఒక్క మాట. పుట్టిన ఆడబిడ్డ పాదాలు ఉబ్బి ఉంటే ఆ మాట కార్డులో రాయండి. వాపు తగ్గిపోతుంది, రాసింది ఉంటుంది.

మొన్న జూన్‌లో ఒకామె కూతుర్ని తీసుకుని నా దగ్గరికి వచ్చింది. పిల్లకు తొమ్మిదేళ్ళు. "అక్కా, కొత్తది వద్దులే, పాత స్కర్టే సరిపోతోంది, చిరుగు కుట్టియ్యి చాలు" అంది. చేతిలోకి తీసుకుని అంచు తిప్పి చూశాను. నేనే కుట్టింది, రెండేళ్ళ కిందట. కింద నాలుగు వేళ్ళ మడత నేను పెట్టినట్టే ఉంది, దారం కూడా తెగలేదు. జడ పక్కకు తీసి మెడ చూశాను, నాకేమీ తెలియలేదు, మామూలుగానే ఉంది. టేపుతో కొలిస్తే 113 వచ్చింది. ఏమీ ఉండకపోవచ్చు, ఎదగడంలో కాస్త వెనకబడి ఉండవచ్చు. వాళ్ళది వంశధార అవతల ఊరు, ఆయన కూలికి పోతాడు, విశాఖ వెళ్ళి రమ్మంటే ఆమె నా మొహం వంక చూసింది. రాయగడ వెళ్ళనా, బరంపురం వెళ్ళనా, ఎవరిని అడగాలి, ఎంతవుద్ది అని అడిగింది. నేను ఒక చీటీ మీద "కేరియోటైప్" అని ఒడియాలోనూ తెలుగులోనూ రాసి, "ఆకుపచ్చ మూత" అని కింద రాసి ఇచ్చాను. ఏ ఆస్పత్రి, ఏ రోజు అన్నచోట ఖాళీ వదిలాను. ఆ ఖాళీలో ఏం రాయాలో మీరు చెప్పాలి.

ఇట్లు,
గుణుపురం నుంచి ఒక తల్లి